గని వాకిట్లో చెప్పులు

ఇంట్లో వాళ్లంతా తిరిగొచ్చాక నేను గడప దగ్గరికి వెళ్లి చెప్పులు చూసుకుంటాను. మా అమ్మాయివి నల్ల బూట్లు, అల్లుడివి గోధుమరంగువి, మనవరాలివి ఎప్పుడూ లేసులు ఊడి ఉండే స్కూలు బూట్లు. మూడు జతలూ కనబడితే గానీ నాకు పొయ్యి దగ్గర చెయ్యి ఆడదు. "హాస్పిటల్లో సెక్యూరిటీ ఉద్యోగం ఖాళీ ఉందిమా, చేరతావా?" అని మా అమ్మాయి ఎగతాళి చేస్తుంది. ఎందుకు చూస్తానో దానికి సగమే చెప్పాను. మిగతా సగం కిందటేడు వేల్స్ కొండల్లో, పాడుబడిన ఒక సీసం గని దగ్గర బయటికి వచ్చింది.

మాది గూడూరు దగ్గర మైకా గనుల పల్లె. మైకాని మేము కాకిబంగారం అనేవాళ్లం. మా నాన్న గనిలోకి దిగేవాడు. మా అమ్మ గట్టు మీద షెడ్డులో కూర్చుని, పలకల్ని కత్తితో రేకులు రేకులుగా చీల్చేది. సాయంత్రం ఆమె తల దువ్వుకుంటే దువ్వెన పళ్ల మధ్య తళుకు కనబడేది.

గనిలోకి చెప్పులతో దిగేవాళ్లు కాదు. లోపలున్నది తల్లి కడుపు, తల్లి కడుపులోకి చెప్పుకాళ్లతో పోకూడదు అనేవాళ్లు పెద్దలు. గని వాకిట్లో పసుపు పూసిన రాయి ఒకటి ఉండేది. దాని పక్కన టైరు చెప్పులు వరసగా విడిచి దిగేవాళ్లు. పైన ఉన్నవాళ్లకి ఆ చెప్పులే గుర్తు. చెప్పులు ఉన్నాయంటే మనిషి లోపల ఉన్నాడని. ఒకరివి ఇంకొకరు తీయకూడదు, జరపనుకూడదు. దిగినవాడే వచ్చి తొడుక్కోవాలి. ఎవరైనా రావడం ఆలస్యమైతే ఆ ఇంటి మనిషి ఒకరు వచ్చి చెప్పుల దగ్గర కూర్చోవాలి. కూర్చున్న మనిషి లేచి పోతే లోపలి మనిషికి దారి తెలియదని మా వాళ్ల నమ్మకం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, కార్తీకంలో, వానలకి గని లోపల మట్టి జారింది. మా నాన్న చెప్పులు వాకిట్లోనే ఉండిపోయాయి. అమ్మ తట్ట తీసుకుని మిగతా వాళ్లతో పాటు మట్టి మోయడానికి దిగింది. నన్ను చెప్పుల దగ్గర కూర్చోబెట్టింది. నాన్న రాలేదు. మా అమ్మాయికి చెప్పిన సగం ఇంతవరకే.

నేను బడికి పోలేదు. అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. అప్పుడు మేము లండన్ పక్కన ఇల్ఫర్డ్‌లో ఉండేవాళ్లం. అక్కడ ఒక హాల్లో శనివారం పిల్లలకి తెలుగు చెప్పేవాళ్లు. మనవరాలిని తీసుకెళ్లి, అది వచ్చేదాకా వెనక బల్ల మీద కూర్చునేదాన్ని. ఊరికే కూర్చోవడం దేనికని నేనూ ఒక పలక పట్టుకున్నాను. ఏడాదికి అది మానేసింది, నేను మానలేదు. తర్వాత ఇంగ్లీషు పెద్దక్షరాలు అదే నేర్పింది. చిన్న పిల్లకి చెప్పినట్టు వేలు పట్టుకుని నేర్పింది.

మా అమ్మాయి డాక్టరు. దానికి వేల్స్‌లో, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో ఉద్యోగం వచ్చి అక్కడికి మారాం. కిటికీలోంచి ఒకవైపు సముద్రం, ఒకవైపు కొండలు. కొండలు చూసి మొదట సంతోషపడ్డాను. తర్వాత పక్కింటి పెద్దాయన ఒకరోజు టీకి వచ్చి, ఆ కొండలన్నీ లోపల డొల్ల అని చెప్పాడు. సీసం కోసం, రాగి కోసం ఎన్నో తరాలు తవ్వి వదిలేశారట. ఆయన బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. వాళ్ల తాత ఆ గనుల్లో పనిచేసి, రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని, మంచం మీద కూర్చునే నిద్రపోయేవాడట. పడుకుంటే ఊపిరి ఆడేది కాదట. మనవరాలు తెలుగులో చెబుతుంటే విన్నాను. ఆ రోజు నుంచి ఆ కొండల వైపు కిటికీ తెర మూసే ఉంచేదాన్ని.

మనవరాలికి మాత్రం అదే లోకం అయిపోయింది. దానికి పదమూడేళ్లు. స్కూల్లో ఆ గనుల మీద ఏదో రాయాలట. పెద్దాయనతో కొండలెక్కి, కూలిన గోడలకి ఫోటోలు తీసుకొచ్చేది. ఒక శుక్రవారం సాయంత్రం నేను దోసెలు పోస్తుంటే, రేపు ఒక గని లోపలికి వెళ్తున్నామని చెప్పింది. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏందే, బిడ్డని గనిలోకి పంపించేది? నీకేమన్నా మతి పొయ్యిందా?" అన్నాను మా అమ్మాయితో.

"అమా, అది పని జరిగే గని కాదు. ఎప్పుడో మూసేసినారు."

"మూసేసిందైతే ఇంకా భయం. పని జరిగే దాంట్లో మనుషులన్నా ఉంటారు."

"ఆయన యాభై ఏళ్లుగా తిరగతాండాడుమా. ఆయనకేమన్నా అయిందా?"

"కాలేదు కాబట్టే తిరగతాండాడు. అయినోళ్లు వచ్చి నీకు చెప్తారా?"

మనవరాలు నోట్లో దోసె ముక్కతోనే నవ్వింది. "మమ్, దట్స్ యాక్చువల్లీ ఎ గుడ్ పాయింట్."

"నువ్వు ఎవరి సైడే?" అంది వాళ్లమ్మ. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "నేను వాకిట్లోనే ఉంటా గదమా. లోపలికి ముగ్గురు పోతే బయట ఒకరు ఉండాలంట. అది వాళ్ల రూలు. ఫలానా టైముకి రాకపోతే బయట ఉన్నోళ్లు ఫోన్ చేస్తారు, రెస్క్యూ వాళ్లు వస్తారు. నువ్వు భయపడేంత ఏం లేదు" అంది.

పొద్దున్నే హాస్పిటల్ నుంచి ఫోను వచ్చింది. ఇంకో డాక్టరుకి ఒంట్లో బాగాలేదట, డ్యూటీ రోటా మారింది, వెంటనే రావాలి. అల్లుడు అప్పటికే డ్యూటీలో ఉన్నాడు. మనవరాలు బూట్లు తొడుక్కుని, తలుపు దగ్గర నిలబడి వాళ్లమ్మ మొహమే చూస్తోంది. మా అమ్మాయి నావైపు తిరిగింది.

"నేను పోతా" అన్నాను.

"నువ్వా? లిఫ్ట్ ఎక్కాలంటేనే నా చెయ్యి పట్టుకుంటావే!"

"లోపలికి కాదు గదా. వాకిట్లో కూర్చునేదానికి."

ఇవాళ ఆపితే ఇంకోరోజు నేను లేనప్పుడు పోతుంది. ఆ వాకిట్లో ఎవరో కూర్చునే కంటే నేను కూర్చోవడం నయం అనుకున్నాను.

పెద్దాయన కారులో వెళ్లాం. ఆయన, మనవరాలు, నేను. దారిలో ఇంకొకావిడ ఎక్కింది. యాభై ఏళ్లుంటాయి, పొట్టి జుట్టు, ఒళ్లో తాడు చుట్ట. ఇలాంటి గనుల్లో దిగడం ఆవిడకి బాగా అలవాటట. కొండ మీద ఒక గేటు దగ్గర కారు ఆపి, అక్కడినుంచి కిందికి నడిచాం. లోయలోకి వెళ్లేకొద్దీ గడ్డి తగ్గింది. తర్వాత బూడిదరంగు రాళ్లగుట్టలు వచ్చాయి. వాటి మీద ఒక్క మొక్క లేదు. ఆ రాళ్లలో సీసం విషం ఇంకా ఉందట. కింద పారే వాగు అడుగంతా ఇటుకపొడి పోసినట్టు ఎర్రగా ఉంది. గొర్రెలు కూడా ఆ వైపు రాలేదు.

కప్పు లేని ఇళ్లు, చిమ్నీ మొండెం, పెద్ద నీటిచక్రం తిరిగిన లోతైన రాతి గొయ్యి అన్నీ పెద్దాయన చూపించాడు. చక్రం ఇప్పుడు లేదు. గొయ్యిలోకి తొంగి చూస్తే అడుగున నల్లని నీళ్లు. ఒకచోట నేల మీద రాళ్లు పరిచి ఉన్నాయి. అక్కడ ఆయన ఆగి, టోపీ తీసి ఏదో చెప్పాడు.

"ఇక్కడ లేడీస్, కిడ్స్ కూర్చుని రాళ్లు కొట్టేవాళ్లంట అమ్మమ్మా. సుత్తితో. వర్షంలో కూడా. సీసం ఉన్న రాయి ఒకవైపు, లేని రాయి ఒకవైపు."

నేను వంగి ఒక రాయి తీశాను. మధ్యలో సన్నని మెరుపు గీత. మా అమ్మ షెడ్డు గుర్తొచ్చింది. ఆయన గబుక్కున నా చేతిలోంచి రాయి తీసుకుని పారేసి, చెయ్యి నోట్లో పెట్టుకోవద్దని సైగ చేశాడు.

గని వాకిలి ఇంకొంచెం పైన ఉంది. నేను పెద్ద గుహ అనుకున్నాను. అది నా నడుము ఎత్తుకి కొంచెం మించిన రాతి కమాను, అంతే. దానికి ఇనప కటకటాల తలుపు, పక్కన పసుపు బోర్డు మీద DANGER అని నల్లక్షరాలు. కూడబలుక్కుని చదివాను. చదువు రాకముందు ఇలాంటి బోర్డులు ఎన్ని దాటుకుని పోయి ఉంటానో! అప్పుడు ఈ భయం ఉండేది కాదు. తలుపు తాళం తీయగానే లోపల్నుంచి చల్లటి గాలి నా కాళ్ల మీదికి వచ్చింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

మనవరాలు హెల్మెట్ పెట్టుకుంటోంది. దాని చెయ్యి పట్టుకున్నాను.

"నీదేదన్నా ఈడ పెట్టి పో."

"ఎందుకు?"

చెప్పులు, తల్లి కడుపు, వాకిట్లో కూర్చోవడం, అన్నీ గబగబా చెప్పాను. ముత్తాత సంగతి దానికి కొంచెం తెలుసు.

"బూట్లు విప్పలేను అమ్మమ్మా. ఇట్స్ ఫ్రీజింగ్."

"బూట్లొద్దులే. ఇంకేదన్నా పెట్టు."

అది పసుపుపచ్చ ఉన్ని టోపీ తీసి, కమాను పక్కన రాయి మీద పెట్టింది. "వచ్చి నేనే తీసుకోవాలి. ఎవరూ టచ్ చెయ్యకూడదు. రైట్?"

"నువ్వే తీసుకోవాల. నేను ఈణ్ణుంచి కదలను."

"ఓకే, బాస్."

పెద్దాయన నాకు ఒక కాగితం ఇచ్చాడు. మనవరాలు దాని మీద నాకోసం వచ్చీరాని తెలుగులో పెద్దక్షరాలతో రాసింది. రెండు గంటలకి బయట ఉంటాం. రెండు దాటితే కొండెక్కి కారు దగ్గరికి వెళ్లు. అక్కడే సిగ్నల్ వస్తుంది. ఈ నంబరుకి ఫోన్ చెయ్యి. కింద నంబరు. ఒక తలదీపం కూడా ఇచ్చి, గుండె మీద చెయ్యి వేసుకుని ఏదో అన్నాడు. భయపడకమ్మా అని అయి ఉంటుంది. అప్పుడు పన్నెండయింది. ముగ్గురూ వంగి లోపలికి వెళ్లారు. మూడు దీపాలు కాసేపు కనబడ్డాయి. మలుపు దగ్గర ఒకటి, రెండు, మూడూ పోయాయి. నీళ్లలో అడుగుల చప్పుడు ఇంకాసేపు వినబడి అదీ పోయింది.

నేను టోపీ పక్కన కూర్చున్నాను. పులిహోర డబ్బా తెరవలేదు. సన్నగా జల్లు మొదలైంది. టోపీ తడుస్తోందని గొడుగు దాని మీదికి వంచాను. ఒంటి గంట అయింది. లోపల్నుంచి అప్పుడప్పుడూ నీటి చుక్క పడిన చప్పుడు. ఒకసారి ఎక్కడో బరువైనదేదో దొర్లినట్టు వినిపించింది. ఉరుమేమో అనుకుని ఆకాశం చూశాను. అక్కడ మెరుపేమీ లేదు. ఆ చప్పుడు తర్వాత నా కళ్లు గడియారం మీదే ఉన్నాయి. ఒంటిగంటన్నర. పావు తక్కువ రెండు.

రెండయింది. ఎవరూ రాలేదు.

కాగితం తీసి మళ్లీ చదివాను. ఏం చెయ్యాలో అందులో స్పష్టంగా ఉంది. కొండెక్కడానికి నాకు పావుగంట పడుతుంది. లేచి నిలబడ్డాను. నాలుగు అడుగులు వేశాను. వెనక్కి తిరిగి చూస్తే రాయి మీద టోపీ ఒక్కటే ఉంది. నా కాళ్లు ఇంక ముందుకి పోలేదు.

మా అమ్మాయికి చెప్పని సగం ఇది. ఆ రోజు అమ్మ నన్ను కూర్చోబెట్టి, "లేవబాక, ఏమైనా సరే లేవబాక" అని చెప్పి దిగింది. నేను పొద్దుననగా కూర్చున్నాను. ఆకలేసింది. గట్టు అవతల రేగుచెట్టు ఉంది. ఇట్టే వచ్చేస్తాగా అని లేచి పరిగెత్తాను. గుప్పెడు రేగ్గాయలు కోసుకుని వచ్చి మళ్లీ కూర్చున్నాను. ఎవరూ చూడలేదు. చీకటి పడే ముందు మా నాన్న శవాన్ని పైకి తీసుకొచ్చారు. రేగ్గాయలు ఇంకా నా గౌను జేబులోనే ఉన్నాయి. అమ్మ చచ్చిపోయేదాకా ఆమెకి చెప్పలేదు. నా భర్తకీ చెప్పలేదు. అక్షరాలు వచ్చాక కూడా ఇన్నాళ్లూ రాయలేదు.

ఇప్పుడు నన్ను మళ్లీ లేచి పొమ్మంటోంది ఆ కాగితం. అది సరైన పనే. ఎవరిని అడిగినా అదే చెబుతారు. కానీ నాకు ఆ టోపీ తప్ప ఏమీ కనబడలేదు. వాకిట్లో మోకాళ్ల మీద కూర్చుని లోపలికి మనవరాలి పేరు పెట్టి అరిచాను. నా గొంతే నాకు తిరిగి వచ్చింది. మళ్లీ అరిచాను. లోపల ఏదో కదిలినట్టు, ఎవరో మూలిగినట్టు అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే అది నీళ్ల చప్పుడే. అప్పుడు మాత్రం అది నా బిడ్డ గొంతే అనుకున్నాను.

బూట్లు విప్పాను. సాక్సులు విప్పి బూట్లలో కుక్కాను. వాటిని టోపీ పక్కన, వేళ్లు లోపలి వైపు ఉండేలా, జతగా పెట్టాను. చలికి చచ్చిపోతానని తెలుసు. అయినా చెప్పుకాళ్లతో లోపలికి పోవడం నావల్ల కాలేదు. తలదీపం వెలిగించి వంగాను.

నీళ్లు చీలమండల దాకా వచ్చాయి. మొదటి పది అడుగులు కాళ్లు తెగిపోతున్నట్టున్నాయి, తర్వాత అవి నావి కానట్టయిపోయాయి. వేళ్ల సందుల్లో ఎర్రమట్టి మెత్తగా జారుతోంది. నడుము ఎత్తితే పైకప్పు వీపుకి తగులుతోంది. మలుపు తిరిగి వెనక్కి చూస్తే వెలుగు లేదు. అంతవరకే వచ్చిన ధైర్యం అక్కడ అయిపోయింది. వెనక్కి పోదామనుకున్నాను. పోతే టోపీని చూడాలి. ముందుకే పోయాను.

ఒకచోట కప్పు కొంచెం ఎత్తుగా ఉంది. గోడ మీద కొవ్వొత్తి పొగతో రాసిన రాతలు కనబడ్డాయి. రెండేసి, మూడేసి ఇంగ్లీషు అక్షరాలు. పనివాళ్ల పేర్ల పొడి అక్షరాలు కాబోలు. వాటి చివర ఒకచోట అక్షరాలు లేవు, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, రెండు గీతలే. రాయడం రాని మనిషి తానూ ఇక్కడ ఉన్నానని పెట్టిన గుర్తు అది. నేను అరవై ఏళ్లొచ్చేదాకా వేలిముద్ర వేసిన మనిషిని, నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మనిషి బయటికి వచ్చాడో లేదో అనుకున్నాను.

అక్కడ దారి రెండుగా చీలింది. కుడివైపు నీళ్లు లోతుగా కనబడ్డాయి. ఎడమవైపు పొడిగా ఉంది, నేల మీద చెక్కలు పరిచి ఉన్నాయి. పొడిదారి చూసి ప్రాణం లేచొచ్చింది. చెక్క మీద కుడికాలు పెట్టాను. చెక్క టీలో నానిన రస్కులా మెత్తగా దిగింది. ఒక పెళ్ల విరిగి కిందికి పోయింది. చప్పుడు రాలేదు. కాలు వెనక్కి తీసుకుని గోడకి కరుచుకున్నాక వచ్చింది, ఎంతో కిందనుంచి, నీళ్లలో పడిన చప్పుడు.

చెక్కల కింద నేల లేదు.

నేను గోడకి వీపు ఆనించి నీళ్లలోనే కూలబడ్డాను. లేవలేను, తిరగలేను. నా బూట్ల దగ్గర ఎవరున్నారు అనుకున్నాను. ఎవరూ లేరు. దాని టోపీ దగ్గరా ఎవరూ లేరు. రెంటినీ వదిలేసి వచ్చేశాను.

అప్పుడు పిలుపు వినబడింది. "అమ్మమ్మా!"

ఆ చెక్కల కిందనుంచే వచ్చింది. ఆ గోతిలోంచే. కిందనుంచి దాని గొంతే. చిన్నప్పుడు అమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. చీకట్లో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకొద్దు, మనుషులైతే మూడోసారి కూడా పిలుస్తారు, కానిది అయితే పిలవదు. నోరు మూసుకుని లెక్కపెట్టాను. రెండు. మూడు. నాలుగు. ఆగి ఆగి పిలుస్తూనే ఉంది. మనిషే. నా బిడ్డే. గోతిలో ఉంది. నేను చెక్కల వైపు చెయ్యి చాపాను. ఇంకొక మూర జరిగితే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోను. నా కాళ్లు మొద్దుబారి కదలలేదు. అందుకే బతికాను.

అంతలో ఆ పిలుపు ఆగిపోయింది.

నేను ఎదురుచూశాను. రాలేదు. ఇంకాసేపు చూశాను. నీటి చుక్కల చప్పుడు తప్ప ఏమీ లేదు. నా జన్మలో అంత భయం మళ్లీ ఎరగను. నాన్న కోసం కూర్చున్న రోజు కూడా అంత భయపడలేదు, అప్పుడు చిన్నదాన్ని. "ఉండానమ్మా, ఈణ్ణే ఉండా, పలకవే!" అని అరిచాను. ఎంతసేపో తెలియదు. మళ్లీ ఒక్కసారిగా "అమ్మమ్మా!" అని వచ్చింది, ముందుకంటే గట్టిగా. దాంతో పాటే నేను వచ్చిన దారి నుంచి నీళ్ల మీద వెలుగు పడింది. తాడు పట్టుకున్న ఆవిడ వంగి వంగి వచ్చి, ముందు నా కోటు కాలరు గుప్పిట్లో పట్టుకుంది. తర్వాతే నా మొహం చూసింది. పిలుపు బయటనుంచే వస్తోందని, ఆ గోతిలో ప్రతిధ్వనిస్తోందని అప్పుడు అర్థమైంది.

వాకిట్లోకి వచ్చేసరికి వాన పెద్దదైంది. మనవరాలు నా బూట్ల పక్కన తడి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. టోపీ ఇంకా రాయి మీదే ఉంది. పెద్దాయన కొంచెం దూరంగా, మొహం పాలిపోయి నిలబడ్డాడు. లోపల వాళ్లు అనుకున్న దారిలో నీళ్లు ఛాతీ దాకా ఉన్నాయట. పిల్లని అందులో దింపడం ఇష్టం లేక, నిచ్చెన ఎక్కి, కొండ మీద ఉన్న ఇంకో వాకిలి నుంచి బయటికి వచ్చారట. రెండు కాకముందే. ఆయన మోకాలి నొప్పి వల్ల మెల్లగా దిగారట. కారు దగ్గరికి ఎక్కే దారి ఆ పై వాకిలి ముందునుంచే పోతుంది. కాగితంలో రాసినట్టు నేను కొండెక్కి ఉంటే సగం దారిలో ఎదురయ్యేవాళ్లు.

బూట్లు తొడుక్కోబోతే రెండింట్లోనూ నీళ్లు. పెద్దాయన వాటిని వానలోంచి తీసి లోపల పెట్టబోతే మనవరాలు ముట్టుకోనివ్వలేదట. ఆయన మీద అరిచిందట కూడా. నేను బూట్లు వంచి నీళ్లు పారబోశాను. అది లేచి తన టోపీ తీసి, పిండి, తడిదే పెట్టుకుంది. అంతవరకు ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది.

పెద్దాయన నా చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు ఏదో చెప్పాడు. ఎడమదారిలో ఎంతవరకు పోయావని అడిగాడట. చెక్కల దాకా అని చేత్తో చూపించాను. ఆయన మా మనవరాలితో ఒక మాట అన్నాడు. అది నాకు తెలుగులో చెప్పలేదు. నేను అడగలేదు.

కారులో హీటరు పెట్టారు. వెనక సీట్లో మనవరాలు నా పాదాలు ఒళ్లో పెట్టుకుని తువ్వాలుతో తుడుస్తోంది. సిగ్నల్ రాగానే వాళ్లమ్మకి ఫోన్ చేసింది. "అమా, నిన్ను బయట కూర్చోమంటే లోపలికి పొయ్యేదేందిమా! ఎవురన్నా చేస్తారా ఇట్టా?" అని స్పీకర్లో మా అమ్మాయి ఏడుస్తూ తిట్టింది. ఫోను పెట్టేశాక మనవరాలు అడిగింది.

"ముత్తాత చెప్పుల దగ్గర ఎవరు కూర్చున్నారు?"

"నేనే."

"ఎంతసేపు?"

"లేచి పొయ్యా" అన్నాను. యాభై ఏడేళ్లుగా లోపలున్న మాట బయటికి వచ్చేసింది. "రేగ్గాయల కోసం లేచి పొయ్యా. మళ్లీ వచ్చి కూర్చున్నా. అయినా ఆయన రాలే."

అది తుడవడం ఆపింది. కారు అద్దం మీద వైపర్లు ఆడుతున్నాయి. ముందు సీట్లో వాళ్లకి మా భాష రాదు, అయినా అది నా చెవి దగ్గరికి వంగింది.

"అమ్మమ్మా, నేను కూడా లేచా."

"యాడికి?"

"గోడ వెనక్కి. నిన్ను పిలుస్తూ పిలుస్తూ, ఐ రియల్లీ నీడెడ్ ది టాయిలెట్. సారీ." తువ్వాలు నలుపుతూ తల వంచుకుంది. "బట్ నువ్వు వచ్చేశావు కదా."

పిలుపు ఆగిపోయిన ఆ చీకటి నా కళ్ల ముందుకి వచ్చింది. అది నా పాదాలు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"ఎంతసేపు పొయ్యావే?" అని అడిగాను.

"టూ మినిట్స్. మేబీ త్రీ."

రేగుచెట్టు దాకా పోయి రావడానికి నాకు పట్టింది కూడా అంతసేపే.